వానరోడ్డు మీద పందెపు టైరు

ఎండలో గట్టి పట్టు చూపిన టైరు వానలో కూడా అంతే పట్టు చూపుతుందనుకోవడం పొరపాటు. ఆ పొరపాటుకు ఒక్కోసారి నిండు ప్రాణం ఖరీదుగా చెల్లించవలసి వస్తుంది. తొలకరి నుంచి తుపాన్ల కాలం దాకా గుంటూరు, ప్రకాశం జిల్లాల రోడ్ల మీద బండి నడిపే ప్రతివారూ, బిడ్డ చేతికి బండి తాళం ఇచ్చే ప్రతి తల్లీ తండ్రీ గుర్తుంచుకోవలసిన సంగతి ఇది.

ఒకప్పుడు ఈ పల్లెల్లో కారు ఉన్న ఇళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టేవారు. పత్తి, మిర్చి కలిసివచ్చిన ఏళ్ళలో చేతికందిన సొమ్ము, హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలలో పిల్లల ఉద్యోగాలు ఆ లెక్కను మార్చివేశాయి. సంక్రాంతికి, పెళ్ళిళ్ళకు రామాలయం ముందు ఇప్పుడు పెద్ద ఇంజన్ల కార్లు, పందెపు పోకడ మోటారు సైకిళ్ళు బారులు తీరుతున్నాయి. బండ్ల వేగం పెరిగింది. వేగంతోపాటు టైర్ల మోజూ పెరిగింది. వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో, గాళ్ళు తక్కువగా ఉండే పందెపు టైర్లను కొందరు కుర్రవాళ్ళు ముచ్చటపడి వేయించుకుంటున్నారు. కొన్ని ఖరీదైన విదేశీ కార్లు అటువంటి టైర్లతోనే వస్తున్నాయి. చూపులకు అవి బాగుంటాయి. ఎండలో మలుపు తిరిగితే బండి రోడ్డుకు అతుక్కుపోయినట్లు ఉంటుంది. చిక్కంతా వాన పడిన నాడే.

ఏ నేలకు ఆ చక్రం

ఈ సంగతి రైతుకు కొత్తది కాదు. పంట కాలువల కింద వరిమడి దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు ఇనుప చక్రాలు తగిలిస్తారు. బురదలో వాటికి మించినది లేదు. అవే ఇనుప చక్రాలతో తారు రోడ్డెక్కితే బండికీ చేటు, రోడ్డుకీ చేటు. అందుకే వాటితో రోడ్డెక్కవద్దని అధికారులు ఏటా చెబుతూ ఉంటారు. అలాగే బండలాగుడు పందేనికి మేపి తయారు చేసిన ఒంగోలు గిత్తను ఎవరూ బురద చేలో అరక కట్టరు. దాని బలం తక్కువై కాదు, దాని పని వేరు గనుక.

పందెపు టైరు కూడా అంతే. అది ఎండలో, శుభ్రమైన పందెపు బాట మీద, నిమిషాల తరబడి అతి వేగంగా తిరగడానికి పుట్టింది. రబ్బరు రోడ్డుకు ఎంత ఎక్కువ మేర ఆనితే అంత పట్టు కనుక దాని మీద గాళ్ళు తగ్గించారు. అసలైన పందెపు టైరు గుండు గీయించినట్లు నున్నగా ఉంటుంది. రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉన్న రకానికి పేరుకు కొన్ని గాళ్ళు ఉంటాయి, వాటి లోతూ తక్కువే. దాని రబ్బరు బాగా వేడెక్కితేనే జిగురుగా మారి రోడ్డును పట్టుకుంటుంది. పందెంలో ఆ వేడి 80, 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెంటచింతల మేనెల ఎండలో కాగిన రోడ్డు మీద అది కొంత మెత్తబడవచ్చు. అదే టైరును కార్తీకమాసపు ముసురులో, చల్లటి నీళ్ళ మీద నడిపితే ఎంతసేపటికీ కావలసినంత వేడెక్కదు. గాడీ లేక, జిగురూ లేక రెండు విధాలా చెడుతుంది. ఇటువంటి టైర్లు తడి రోడ్డు మీద జాగ్రత్త అని వాటిని తయారు చేసే కంపెనీలే హెచ్చరిస్తున్నాయి. ఆ హెచ్చరిక చదివేవారు తక్కువ.

మనిషిని ఏ ఎండకా గొడుగు పడతాడంటే అది నింద. టైరు విషయంలో మాత్రం అదే ధర్మం.

గాడి చేసే పని

కారు ఎంత పెద్దదైనా, ఒక్కో టైరు రోడ్డును తాకే చోటు ఇంచుమించు అరచేయంత. మోటారు సైకిలుకు అంత కూడా లేదు. టన్నుకు పైగా బరువున్న కారు, అందులోని సంసారం మొత్తం ఆ నాలుగు అరచేతుల మీదనే ఆధారపడి పోతున్నాయి. ఆ అరచేతికీ రోడ్డుకీ మధ్య నీరు చేరితే బండికి నేలతో సంబంధం తెగిపోతుంది.

రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల నీరు నిలిచి ఉన్నదనుకుందాం. అంటే కాలి మడమ కూడా సరిగా తడవదు. 20 సెంటీమీటర్ల వెడల్పు గల టైరు గంటకు 90 కిలోమీటర్ల వేగంతో దాని మీదుగా పోతే, ఆ ఒక్క టైరు సెకనుకు 15 లీటర్ల నీటిని పక్కకు నెట్టవలసి ఉంటుంది. సుమారు ఒక బిందెడు నీరు, సెకనుకు! టైరు మీది గాళ్ళు ఆ నీటికి కాలువలు. చేలో నీరు నిలవకుండా రైతు బోదెలు తీసినట్లే, టైరు కింద నీరు నిలవకుండా గాళ్ళు తీశారు. బోదె లేని చేను మునుగుతుంది. గాడి లేని టైరు తేలుతుంది.

తేలడం అంటే నిజంగా తేలడమే. నెట్టినకొద్దీ పోని నీరు టైరు ముందు గట్టులా పేరుకొని, చివరకు టైరు కిందికి దూరి దానిని పైకి ఎత్తుతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో తేలికైపోతుంది. తిప్పితే బండి తిరగదు. బ్రేకు తొక్కితే ఆగదు. చక్రం ఆగినా బండి పడవలా ముందుకు పోతూనే ఉంటుంది. అదంతా ఒకటి రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లలో బండి 50 మీటర్లు పోతుంది. అంత మేరలో ఎదురుగా ఏముంటే దానికి పోయి తగులుతుంది.

విమానం చెప్పిన లెక్క

ఈ తేలుడు లెక్కను ముందుగా తేల్చినవారు కార్లవారు కాదు, విమానాలవారు. తడి రన్‌వే మీద దిగిన విమానాలు ఆగకుండా జారిపోతూంటే కారణం కనుగొనడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1960 దశకంలో పరీక్షలు జరిపింది. గాళ్ళు లేని టైరు నిలిచిన నీటి మీద ఏ వేగం దగ్గర తేలుతుందన్నది ముఖ్యంగా ఆ టైరులోని గాలి వత్తిడి మీద ఆధారపడి ఉంటుందని అందులో తేలింది. ఆ లెక్క ప్రకారం 32 పౌండ్ల గాలి ఉన్న నున్నటి టైరు గంటకు సుమారు 94 కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. గాలి 25 పౌండ్లకు దిగితే 83 కిలోమీటర్లకే తేలుతుంది. గాలి తక్కువైతే పట్టు ఎక్కువని కొందరు అనుకుంటారు. నీరు నిలిచిన రోడ్డు మీద దీని ఫలితం సరిగా తిరగబడుతుంది.

ఈ విమానాల లెక్క ఈ ప్రాంతానికి దూరపు మాట కాదు. మార్టూరుకూ మేదరమెట్లకూ మధ్య, కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే అత్యవసరంలో విమానాలు దిగే రన్‌వేగా తీర్చిదిద్దారు. 2022 డిసెంబరులో వైమానిక దళం అక్కడ తొలి పరీక్ష జరిపింది. 2024 మార్చి 18న రవాణా విమానాలు అక్కడ దిగి తిరిగి లేచాయి. యుద్ధ విమానాలు రోడ్డుకు దగ్గరగా వచ్చి పైకి లేచిపోయాయి. పొలాలలో నుంచి, మిద్దెల మీద నుంచి జనం చూసి ఆనందించారు. ఆ కొద్ది కిలోమీటర్లు చీలిక లేకుండా, మలుపు లేకుండా అద్దంలా ఉంటుంది. అంత చక్కటి రోడ్డు చూస్తే కుర్రవాడి కాలు తనంతట తానే యాక్సిలరేటరు మీద బరువెక్కుతుంది.

కాని విమానం దిగే రోజున రహదారి మీద రాకపోకలన్నీ ఆపుతారు. మిగిలిన రోజులలో ఆ రోడ్డు మీద పాల బండి ఉంటుంది, గేదె ఉంటుంది, కూలీల ఆటో ఉంటుంది. తడి నేల మీద జారతామన్న భయంతో విమానాశ్రయాలవారు సిమెంటు రన్‌వే మీదనే అడ్డంగా సన్నని గాళ్ళు కోయించే పద్ధతి పెట్టారు. కోట్ల విలువైన విమానానికే గాడి కావలసి వచ్చినప్పుడు, ఊరి కారుకు అక్కరలేదనడం ఎంత తెలివి?

పందెగాళ్ళే చేయని సాహసం

సినిమాలలో, సెల్‌ఫోనులలో కారు పందేలు చూసి అటువంటి టైర్లు కోరుకునే యువకులు ఆ పందేలలో వాన పడితే ఏం చేస్తారో కూడా చూడాలి. చినుకు పడగానే కార్లు పక్కకు వచ్చి నున్నటి టైర్లు విప్పి, లోతైన గాళ్ళు ఉన్న టైర్లు తొడిగించుకొని పోతాయి. ఆ మార్పు రెండు మూడు సెకన్లలో ముగుస్తుంది. ఫార్ములా వన్ పందేలకు టైర్లు ఇచ్చే పిరెల్లీ కంపెనీ లెక్క ప్రకారం, జోరువానకు ఉద్దేశించిన టైరు ఒక్కొక్కటి 300 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 85 లీటర్ల నీటిని బయటికి నెడుతుంది. అంటే ఇళ్ళకు వచ్చే మంచినీళ్ళ టిన్నులు నాలుగు నిండి మిగులుతుంది.

అంతటి టైర్లు ఉండీ వానకు తలవంచిన రోజులున్నాయి. 2021 ఆగస్టు 29న బెల్జియంలో జరగవలసిన పందెంలో వాన తగ్గక, భద్రతా కారు వెనుక మెల్లగా కొద్ది చుట్లు తిప్పి పందెం ముగించేశారు. సగం మార్కులే ఇచ్చారు. ప్రపంచంలో అందరికన్నా బాగా కారు నడిపేవారు ఇరవై మంది, వందల కోట్ల కార్లు, వేలాది మంది ప్రేక్షకులు, అయినా వద్దన్నారు. 2014 అక్టోబరులో జపాన్ పందెంలో వాన కారణంగా జారి క్రేనును గుద్దుకొన్న జూల్స్ బియాంకీ అనే ఫ్రెంచి యువకుడు తొమ్మిది నెలలు స్పృహ లేకుండా ఉండి 2015 జూలైలో కన్నుమూశాడు. ఆ పాఠం వాళ్ళు మరచిపోలేదు.

తెలుగు గడ్డ మీద జరిగిన పందెమే చూడండి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగరు పక్కన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తాయి. అది ఎండాకాలపు ముంగిలి, వాన జాడ లేదు. అయినా ఆ కార్లకున్నవి గాళ్ళున్న టైర్లే. ఎండకూ వానకూ ఒకటే టైరు ఉండాలని ఆ పందెం నిర్వాహకులు పెట్టుకొన్న నియమం అది. నగర వీధిలో నడిచే కారుకు వీధికి తగిన టైరే కావాలని వారు గ్రహించారు. పందెపు కారుకు వీధి టైరు తొడిగి వారు నడిపితే, ఇక్కడ కొందరు వీధి కారుకు పందెపు టైరు తొడుగుతున్నారు.

లక్ష రూపాయల టైరూ గుండు టైరూ

ఇదంతా పెద్దింటి పిల్లల గొడవ, మనకెందుకని సామాన్యులు అనుకోరాదు. పందెపు టైరుకు గాళ్ళు పుట్టుకతో తక్కువ. అరిగిపోయిన టైరుకు వాడకంతో పోయాయి. వాన పడితే రెండింటి కథా ఒకటే. లక్ష పెట్టి కొన్న టైర్లతో దొరబాబు కారు ఎలా జారుతుందో, గుండు టైరుతో కూలీల ఆటో కూడా అలాగే జారుతుంది. తేడా ఒక్కటే. కారులో గాలి సంచులు ఉంటాయి, బెల్టులు ఉంటాయి. ట్రాలీ ఆటోలో మిరపకోతకు పోయే ఆడకూలీలకు పట్టుకోవడానికి ఇనుప కమ్మీ తప్ప మరేమీ లేదు.

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు దింపి ఖాళీగా తిరిగివచ్చే లారీలు, జిన్నింగు మిల్లులకు పత్తి తోలే ట్రాక్టర్లు, ఊరూరికీ తిరిగే మోటారు సైకిళ్ళు, వీటిలో ఎన్నింటి టైర్లకు సరైన గాళ్ళు ఉన్నాయో యజమానులే వంగి చూసుకోవాలి. లారీ టైరులో గాలి వత్తిడి చాలా ఎక్కువ కనుక బరువుతో ఉన్న లారీ నీళ్ళ మీద తేలడం అరుదు. ఆపలేకపోవడం దాని జబ్బు.

ఉజ్జాయింపుగా ఒక లెక్క చూద్దాం. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 20 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదెను చూసి కాలు బ్రేకు మీదికి పోయేసరికే ఆ 20 మీటర్లు అయిపోతాయి. ఆ తర్వాత పొడి రోడ్డు మీద మంచి టైర్లున్న కారు మరో 27 మీటర్లలో ఆగుతుంది. తడి రోడ్డు మీద అదే కారుకు 40 మీటర్లు పడుతుంది. తడి రోడ్డు, గుండు టైరు కలిస్తే 80 మీటర్లు దాటినా ఆశ్చర్యం లేదు. అంటే పొడి రోజున గేదెకు ఇవతలే నిలిచే బండి, వాన రోజున గేదెనూ దాని వెనుక ఉన్న పిల్లవాడినీ దాటి పోయి ఆగుతుంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం కార్లు, లారీల టైర్లకు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ద్విచక్ర, త్రిచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ఇవి చిట్టచివరి హద్దులు. కొత్త కారు టైరుకు 7, 8 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. వానకాలంలో 3 మిల్లీమీటర్ల దగ్గరే టైరు మార్చడం క్షేమం.

లోతు కొలవడానికి పనిముట్లు అక్కరలేదు. అగ్గిపుల్లను గాడిలో పడుకోబెట్టి చూడాలి. పుల్ల మందం సుమారు 2 మిల్లీమీటర్లు. అది గాడిలో పూర్తిగా మునగకుండా పైకి కనబడితే ఆ టైరుకు కాలం చెల్లినట్లే. గాడి అడుగున కంపెనీవారే చిన్న చిన్న గట్లు పెడతారు. టైరు అరిగి ఆ గట్టుతో సమానమైతే అదే ఆఖరు. టైరు పక్కన నాలుగు అంకెలు ముద్రించి ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. పాత టైరుకు గాడి ఉన్నా రబ్బరు గట్టిపడి తడిలో పట్టు పోతుంది. సగం ధరకు వచ్చిందని పట్నం నుంచి తెచ్చే సెకండుహ్యాండు పందెపు టైర్లలో ఈ రెండు లోపాలూ కలిసి ఉండవచ్చు. అరిగిన టైరు మీద వేడి కత్తితో కొత్త గాళ్ళు కోయించడం మరో ప్రమాదం. ఆ పని తట్టుకొనేలా తయారు కాని టైరు మీద చేస్తే గాడి వస్తుంది గాని టైరు పలచబడి పేలుతుంది.

నల్లరేగడి చేసే మాయ

మరొక ఇబ్బంది ఇక్కడ ఉన్నది. అది నల్లరేగడి. పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, పెదనందిపాడు, ప్రత్తిపాడు వైపు వాన వెలిసిన తెల్లవారి రోడ్డు చూడండి. డొంకల్లో నుంచి వచ్చిన ట్రాక్టర్లు పెద్ద చక్రాలకు పట్టిన బురదను ఫర్లాంగు పొడవునా తారు మీద దులుపుకుంటూ పోతాయి. రేగడి మట్టి నీరు తాగి ఉబ్బి సబ్బులా మారుతుంది. ఎండలో అది పెళ్ళకట్టి దుమ్మవుతుంది. రెండు చినుకులు పడగానే మళ్ళీ సబ్బే. తొలి వానకు రోడ్డు మీది నూనె, దుమ్ము దీనికి తోడవుతాయి. పెద్ద వాన కడిగిన రోడ్డుకన్నా చిన్న తుంపర తడిపిన రోడ్డే ఎక్కువ జారుతుంది.

లోతైన గాళ్ళున్న టైరు ఆ బురదను కొంతైనా చీల్చుకొని తారును అందుకోగలదు. నున్నటి టైరుకు ఆ వీలు లేదు. మోటారు సైకిలు మీద పోయేవానికి రోడ్డుపై వేసిన తెల్ల గీతలు, వంతెనల దగ్గరి ఇనుప అతుకులు కూడా తడిసినప్పుడు శత్రువులే. రోడ్డు మీద అన్యపదార్థం ఎంత పని చేస్తుందో 2021 సెప్టెంబరు 10న హైదరాబాదులో సినీనటుడు సాయి ధరమ్ తేజ్‌కు జరిగిన ప్రమాదం లోకానికి చూపింది. కేబుల్ వంతెన ప్రాంతంలో రోడ్డు మీది మట్టి, ఇసుక మీద ఆయన బండి జారింది. హెల్మెట్ ఉన్నందున ప్రాణం దక్కింది. పెద్ద నగరంలోనే అలా ఉంటే, చీకటి పడ్డాక దీపం లేని పల్లె రోడ్డు మీద రేగడి బురద సంగతి వేరే చెప్పాలా?

వినిపించే సాకులు

తమ బండికి ఏబీఎస్ బ్రేకులు ఉన్నాయని కొందరు ధీమాగా ఉంటారు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త మోటారు సైకిళ్ళకు అది తప్పనిసరి అయింది. మంచిదే. కాని ఏబీఎస్ చేసే పని చక్రం బిగుసుకుపోకుండా చూడటం మాత్రమే. టైరుకూ రోడ్డుకూ లేని పట్టును అది పుట్టించలేదు. పంట లేని పొలానికి కాపలావాడిని పెట్టినట్లు ఉంటుంది.

ఖరీదైన టైరు కనుక మంచిదే అయి ఉంటుందని మరికొందరి వాదన. ఖరీదు దేనికి పెట్టామన్నది చూడాలి. పట్టుచీర ఖరీదైనదని కోతకు కట్టుకొని పోరు. ఎండలో పదిసార్లు పోయాను, ఏమీ కాలేదని ఇంకొకరు అంటారు. అది ఎండకు సాక్ష్యం, వానకు కాదు. టైరు ఎంత వేగానికి తట్టుకుంటుందో అడిగి కొనేవారున్నారు. తడిలో ఎలా ఆగుతుందని అడిగేవారు లేరు. ప్రభుత్వం మాత్రం అడిగింది. తడిలో పట్టు ఇంత ఉండాలని కొలత పెట్టి, 2022 అక్టోబరు నుంచి కార్లు, లారీల కొత్త నమూనా టైర్లకు దానిని వర్తింపజేసింది. కొనేవారు కూడా ఇకనైనా అడగాలి.

వేగం మీద మోజు తప్పు కాదు. దానికి చోటు వేరే ఉన్నది. మద్రాసు దారిలో షోలవరం దగ్గర పాత విమానాల రన్‌వే మీద ఒకప్పుడు పేరుమోసిన పందేలు జరిగేవి. తర్వాత శ్రీపెరంబుదూరు వైపు ఇరుంగట్టుకోట్టైలో పందేల కోసమే బాట కట్టారు. 1990 నుంచి అది నడుస్తున్నది. ఒంగోలు నుంచి ఒక పూట ప్రయాణం. అక్కడ ఎదురు బండి లేదు, గేదె లేదు, డాక్టరు సిద్ధంగా ఉంటాడు. పందెపు టైరు తొడగాలనుకునే యువకుడు అక్కడికి పోయి తొడిగి, నడిపి, విప్పి ఇంటికి రావచ్చు. రహదారి మీద పందేలు వేయడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను కింద నేరం.

ఎవరి వంతు వారిది

టైర్ల బాధ్యత బండివానిది. కాని రోడ్డు బాధ్యత అతనిది కాదు. బరువు లారీలు నలగగొట్టిన చోట రోడ్డు మీద చక్రాల జాడలు గుంటలు పడి, వాన వెలిసినా గంటల తరబడి నీరు నిలుస్తున్నది. మంచి టైరుకు కూడా అక్కడ గండమే. మలుపుల దగ్గర, కల్వర్టుల దగ్గర నీరు పోయే దారి పూడిపోయి రోడ్డే కాలువ అవుతున్నది. నాసిరకంగా కట్టి, మరమ్మతు మరచిన కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేసే 198ఏ సెక్షనును 2019లో చట్టంలో చేర్చారు. అది పుస్తకంలో ఉంటే చాలదు. రోడ్లు భవనాల శాఖ, జాతీయ రహదారుల సంస్థ వానలకు ముందే నీరు నిలిచే చోట్లు గుర్తించి సరిచేయాలి. రహదారి మీద ఆపద కనబడితే 1033 నంబరుకు ఫోను చేయవచ్చునన్న సంగతి ప్రతి ఊరి బస్టాండులోనూ రాసి పెట్టాలి.

డొంక రోడ్డు తారు రోడ్డును కలిసేచోట 20 మీటర్ల మేర కంకర గాని, సిమెంటు గాని వేస్తే ట్రాక్టరు చక్రాల బురద సగం అక్కడే రాలిపోతుంది. ఇది పెద్ద ఖర్చు కాదు. పంచాయతీలు పూనుకుంటే అయ్యే పని. రైతులు కూడా రోడ్డెక్కే ముందు ఒక్క నిమిషం ఆగి పారతో చక్రాల బురద గీకివేయాలి. ఆ బురద మీద జారేది తమ ఊరి బిడ్డే కావచ్చునని గుర్తుంచుకోవాలి.

రవాణా శాఖ అధికారులు ఎఫ్‌సీ పరీక్షలో కాగితాలతోపాటు టైరు గాళ్ళు కూడా కొలవాలి. సీజనులో మిర్చి యార్డు దగ్గర లారీలు, ట్రాక్టర్లు గంటల తరబడి బారులు తీరి ఉంటాయి. ఒక్కో బండి టైర్లు చూడటానికి అంతకన్నా తగిన చోటు, తీరిక మరొకటి దొరకదు. జరిమానా వేయకపోయినా, ఈ టైరు మార్చమని చెప్పి పంపినా మేలే. కొరిశపాడు రన్‌వే వద్ద వాన రాత్రులలో పోలీసు గస్తీ ఉండాలి. టైరు షాపులవారు వాడిన పందెపు టైర్లు రోడ్డు బండ్లకు అమ్మరాదు. అడిగి వచ్చిన కుర్రవానికి వానలో ఏమవుతుందో చెప్పి పంపడం వారి ధర్మం.

బండి నడిపేవారు నెలకు రెండుసార్లు గాలి చూసుకోవాలి. ఎంత గాలి ఉండాలో కారు తలుపు పక్కన చీటీ మీద రాసి ఉంటుంది. వాన పడితే వేగం మూడో వంతు తగ్గించాలి. ముందు బండికి రెట్టింపు దూరం ఇవ్వాలి. బండి నీళ్ళ మీద తేలినట్లు అనిపిస్తే బ్రేకు మీద పడరాదు, స్టీరింగును విసురుగా తిప్పరాదు. యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గి టైరు తిరిగి నేలను అందుకుంటుంది.

కల్లంలో ఆరబోసిన మిరపకాయ తడిస్తే తాలుకాయ అవుతుందని, మబ్బు పట్టగానే రైతు పరుగెత్తి పట్టా కప్పుతాడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఎందరు రైతులు రాత్రంతా పంటకు కాపలా కాశారో ఈ ప్రాంతానికి తెలుసు. మబ్బును చూసి పంటను కాపాడుకునే జాగ్రత్త ఇక్కడి రక్తంలోనే ఉన్నది. అదే మబ్బును చూసి ఇంటి ముందున్న బండి టైరు వైపు ఒకసారి వంగి చూడటం అంతకన్నా కష్టం కాదు. తడిసిన పంటను వచ్చే ఏడు మళ్ళీ పండించుకోవచ్చు. చేతికందిన బిడ్డను మళ్ళీ తెచ్చుకోలేము. ఈ తొలకరికి ముందే ప్రతి ఇంటా అగ్గిపుల్ల తీసి టైరు గాడిలో పెట్టి చూడాలి. పుల్ల మునగకపోతే, ఆ టైరు లక్షదైనా సరే, తీసివేయాలి.